గొంగళి పరిచే ముందు

అమ్మలూ,

ఆ ఎర్ర ఆడగుర్రాన్ని నెలవారీగా మాట్లాడుకున్నావనీ, సంక్రాంతి వెళ్లగానే ఒక్కదానివే సాగర్‌నగర్ నుంచి భీమిలి దాకా తీరం వెంట సవారీ పోతానంటున్నావనీ మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నాకు మాత్రం ముందు గుండె ఉప్పొంగింది. మన ఇంట్లో గుర్రం మాట వినబడి యాభై ఏళ్లయింది. రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలిన మీ తాతయ్య ఈ రోజు ఉంటే వీధి వీధంతా చెప్పుకునేవాడు. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. “అది ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది, దాని బుద్ధే అంత” అన్నావట. ఆ మాటే నన్ను లేపి కూర్చోబెట్టింది.

హెల్మెట్ లేకుండా ఎక్కకు. మడమ ఉన్న బూట్లు వేసుకో. పగ్గాలు చేతికి చుట్టుకోకు. ఇవి నీకు అక్కడ నేర్పే ఉంటారు.

ఖాళీ కడుపుతో బయటికి తీయకు. గుర్రం మేసినా మేయకున్నా దాని కడుపులో పులుపు ఊరుతూనే ఉంటుంది. బయలుదేరే ముందు రెండు గుప్పెళ్ల ఎండుగడ్డి వేస్తే దాని చిరాకు సగం తగ్గుతుంది. పని లేని రోజుల్లో ఉలవలు దండిగా పెట్టి, మర్నాడు అది గంతులేస్తే తిట్టడం అన్యాయం. ఆడగుర్రం కాబట్టి ఇంకొకటి. ఎదకు వచ్చే కాలంలో దాదాపు 21 రోజులకోసారి వస్తుంది. నాలుగైదు రోజులు ముట్టుకుంటే చాలు ఉలిక్కిపడుతుంది. ఒక నోటు పుస్తకంలో తేదీలు రాసుకో. బుద్ధి అనుకున్నది చాలాసార్లు తేదీయే అని తెలుస్తుంది.

రుషికొండ దగ్గర సముద్రం మీద రంగుల పారాచూట్ కనబడగానే వెనక్కి తిరిగి పరుగెత్తిందట కదా. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఇంచుమించు అంతా కనబడుతుంది, నుదుటికి ఎదురుగా, తోక వెనక తప్ప. దూరాన ఏదో కదిలితే తల తిప్పి చూడనివ్వు. చూసి, ఊపిరి వదిలి, పెదవులు నాకిందంటే ఇక నడుస్తుంది. పరుగందుకుంటే రెండు పగ్గాలూ పట్టి లాగకు. ఎంత లాగితే అంత బలంగా తోసుకుపోతుంది. ఒక పగ్గంతో మెల్లగా పక్కకు తిప్పి, తడి ఇసుక మీద పెద్ద చుట్టు తిప్పుతూ, చుట్టు చిన్నది చేస్తూ రా. ఇది ముందు నడకలో పది రోజులు సాధన చేయి. ఆటు సమయం చూసుకుని వెళ్లు, గట్టి ఇసుక దొరుకుతుంది. పొడి ఇసుకలో పరుగెత్తిస్తే కాళ్లలో కండరాలను ఎముకలకు కట్టే స్నాయువులు దెబ్బతింటాయి.

ఇక అసలు సంగతి. ఇది ఫోనులో చెప్పలేను.

నా ఇరవయ్యో ఏట మనకు చుక్క అనే గుర్రం ఉండేది. పగలు జట్కాకు కట్టేవారు. ఆదివారాలు నేను జీను వేసి తీరానికి తీసుకుపోయేవాణ్ణి. ఒక మధ్యాహ్నం దాని గొంగళి సరుగుడు చెట్ల కింద పరుచుకుని పడుకున్నాను. లేచి, రెండుసార్లు దులిపి, దాని వీపు మీద వేసి జీను బిగించాను. పట్టీ లాగుతుంటే చెవులు మెడకు అతికించి, నా భుజం దాకా పళ్లు తెచ్చింది. పొగరనుకుని మూతి మీద కొట్టాను. ఎక్కితే నడిచింది, తోక విదిలిస్తూ, నడుము బిగబట్టి.

వలలు ఆరేసిన చోట మీ నాన్న నిలబడి, “అన్నయ్యా, నన్నూ” అని చేతులు చాచాడు. ఎనిమిదేళ్లవాడు. ఎత్తి ముందు కూర్చోబెట్టుకున్నాను. పది అడుగులు వేసి చుక్క ఆగిపోయింది. మడమలతో పొడిచాను. వెనక్కి జరిగింది. చింతబరికెతో రెండు అంటించాను. ముందుకాళ్లు పైకెత్తింది. అప్పుడు పగ్గాలు వదిలి దాని మెడ మీదికి వాలాలి. నేను భయపడి పగ్గాలకు వేలాడాను. నా బరువుకు అది వెనక్కి ఒరిగి పక్కకు పడింది. నేను ఇసుకలో పడ్డాను. మీ నాన్న తెప్ప దుంగ మీద పడ్డాడు. వాడి ఎడమ మోచేయి ఎందుకు నిటారుగా చాపలేడో నీకు ఇప్పుడు తెలిసింది.

రాత్రి జీను విప్పాను. గొంగళి నేతలో గోళీ అంత సరుగుడు కాయ ఇరుక్కుని ఉంది. మూపు మీద వెంట్రుకలు రాలి, కమిలిన చర్మంలో ఆ కాయ ముళ్ల గుర్తులు వరసగా దిగి ఉన్నాయి. నా ఒక్కడి బరువు ఓర్చుకుంది. పిల్లవాడి బరువు సరిగ్గా దాని మీద పడేసరికి ఓర్చుకోలేకపోయింది. పళ్లు చూపించి మరీ చెప్పింది, తల్లీ. నేను వినలేదు.

ఆ కాయ సముద్రంలో పారేశాను. ఎవరికీ చెప్పలేదు. వారం తిరగకుండా చుక్కను తక్కువ ధరకు అమ్మేశారు. కొన్నవాడితో మీ తాతయ్య, “ఇది పొగరుబోతు, బరికె దగ్గర పెట్టుకో” అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

అందుకని, నా బంగారు తల్లివి కదా, ఇది మాత్రం పాటించు. ప్రతిసారీ గొంగళి నువ్వే తిరగేసి, అరచేతితో అంగుళం అంగుళం తడుము. దాని వీపు మీద మూపు నుంచి నడుము దాకా వేళ్లతో నెమ్మదిగా నొక్కుతూ పో. ఎక్కడ చర్మం వణికితే, ఎక్కడ చెవి వెనక్కి వెళితే అక్కడ ఆగు. ఆ రోజు సవారీ మానెయ్. డాక్టర్‌కు వీపూ, పళ్లూ, గిట్టలూ చూపించు. ఎవరైనా నీ చేతికి బరికె ఇస్తే తీసుకోకు. ఎంత చిన్న పిల్లయినా, ఎంత బతిమాలినా ముందు కూర్చోబెట్టుకోకు. మొదటి నెల ఒంటరిగా వద్దు. పక్కన నెమ్మదైన గుర్రం ఒకటి నడిస్తే నీది దాన్ని చూసి కుదుటపడుతుంది.

ఆదివారం ఆరింటికి వస్తాను. నేను ఎక్కను. గొంగళి ఎలా తడమాలో చూపిస్తాను.

తాను సంతోషం పట్టలేక కాళ్లు ఆడించడం వల్లే ఆ రోజు గుర్రం బెదిరిందని మీ నాన్న ఈనాటికీ అనుకుంటున్నాడు. నేను అలాగే అనుకోనిచ్చాను. ఈ ఉత్తరం చదివాక వాడికి ఇవ్వు. ఆదివారం తానూ వస్తానంటే తీసుకురా.

మీ పెదనాన్న