'ఐయామ్ గుడ్' అంటే మంచివాణ్ణని కాదు

అమెరికా వచ్చిన మొదటి వారం. ఆఫీసులో ఒకాయన నా పక్కన నిలబడే మాట్లాడుతుంటే కుర్చీ జరిపి కూర్చోమన్నాను. "ఐయామ్ గుడ్" అన్నాడు. ఈయన మంచితనం గురించి ఎవరడిగారబ్బా అనుకున్నాను. వద్దని అంత మర్యాదగా చెప్పాడని తెలియడానికి నాకు ఇంకో రెండు మూడు కుర్చీలు పట్టింది.

గుడ్ అంటే మంచి అని చిన్న క్లాసులోనే నేర్చేసుకున్నాం కాబట్టి మళ్లీ దాని జోలికి పోం. చిక్కంతా అక్కడే. దాని పక్కన ఏ చిన్న మాట చేరిందో చూసుకోవాలి. మనం 'గుడ్ ఇన్ మ్యాథ్స్' అంటాం, ఇక్కడివాళ్లు 'గుడ్ ఎట్ మ్యాథ్' అంటారు. 'గుడ్ విత్ కిడ్స్' అంటే పిల్లల్ని మచ్చిక చేసుకోవడం తెలిసిన మనిషి. 'ద టికెట్ ఈజ్ గుడ్ ఫర్ టూ అవర్స్' అంటే టికెట్ రెండు గంటలు చెల్లుతుందని. 'ఇట్ టుక్ ఎ గుడ్ త్రీ అవర్స్' అన్నారంటే హాయిగా గడిచాయని కాదు, మూడు గంటలకు తక్కువ పట్టలేదని. చాలాసార్లు అందులో విసుగే ఎక్కువ.

నన్ను నిలువునా ముంచింది మాత్రం 'ఫర్ గుడ్'. టీమ్‌లో ఒకావిడ వారంగా కనబడటం లేదేమని అడిగితే, "షీ లెఫ్ట్ ఫర్ గుడ్" అన్నారు. ఏదో మంచికే వెళ్లిందనుకుని నవ్వుతూ "ఓ, వెరీ నైస్!" అన్నాను. ఆవిడ ఇక తిరిగి రాదని దాని అర్థం. చెప్పినామె ఆవిడకి మంచి స్నేహితురాలు. ఆ పూటంతా నా వైపు చూడలేదు.

'వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్' మానేయండి. హిందీ 'శుభ్ నామ్' నుంచి వచ్చిన మర్యాద అది, ఇంగ్లీషులో గుడ్ నేమ్ అంటే పరువు. ఉత్త 'నేమ్' చాలు. రాత్రిపూట ఎవరైనా ఎదురైతే గుడ్ ఈవెనింగ్. గుడ్ నైట్ సెలవు తీసుకునేటప్పుడే.

'గుడ్ ఫర్ యూ' ఎదురుగా నవ్వుతూ అంటే శభాష్, చప్పగా అంటే 'అయితే నాకేంటి'. మెసేజ్‌లో గొంతు వినబడదు కదా, నేనైతే రాయను.

"హౌ ఆర్ యూ"కి 'గుడ్' అనాలా 'వెల్' అనాలా అని టెన్షన్ పడొద్దు, రెండూ సరే. 'షీ డ్రైవ్స్ గుడ్' అనేవాళ్లూ ఉంటారు, మీరు రాసేటప్పుడు మాత్రం 'వెల్' అనే రాయండి.

ఎవరైనా సాయం చేస్తానన్నప్పుడు నిజంగా కావాలంటే 'దట్ వుడ్ బి గుడ్' అనండి. ఇల్లు మారిన రోజు పెద్ద పెట్టెతో మెట్లెక్కుతుంటే పక్కింటాయన "యూ గుడ్?" అని అడిగాడు. క్షేమం అడుగుతున్నాడనుకుని "ఐయామ్ గుడ్" అన్నాను. ఆయన తలుపేసుకున్నాడు. నాకింకా రెండు అంతస్తులున్నాయి.