స్ట్రట్ మీది నట్టు విప్పే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత మారుతి 800 కొన్నావనీ, దాని ముందు షాక్ అబ్జార్బర్లు ఇంటి దగ్గర నువ్వే మారుస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరవాత పానా పట్టేవాడు ఒకడున్నాడని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. వెనక చక్రాలకు అడ్డు వెయ్యి. షాకులు రెండూ కలిపి మార్చు. ఇవి నీకు తెలిసినవే.

గుంతలో పడితే దెబ్బను ముందుగా మింగేది స్ప్రింగు. నలిగి ఆ బలాన్ని దాచుకుంటుంది, మరుక్షణం తిరిగి ఇచ్చేస్తుంది. ఆపేది లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. షాక్ లోపల పిస్టన్‌కున్న సన్నని రంధ్రాల గుండా నూనె బలవంతంగా దూరుతుంది, ఆ ఊపంతా వేడిగా మారిపోతుంది. మా అంబాసిడర్ వెనక కమాన్ పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుని ఆ రాపిడితోనే కొంత ఊపును చంపేవి. కాయిల్ స్ప్రింగుకు ఆ గుణం దాదాపు లేదు, భారమంతా షాక్ మీదే. నూనె కారిన షాకుతో తిరిగితే ఒళ్ళు నొప్పులతో పోదు నాయనా. చక్రం రోడ్డు మీద నిలవక ఎగురుతుంది, గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం?

ఇక నన్ను మేలుకోబెట్టిన సంగతి. నీ బండిలో స్ప్రింగు షాక్ చుట్టూ కూర్చుని ఉంటుంది, ఆ రెండూ కలిసిన దాన్నే స్ట్రట్ అంటారు. దాన్ని అణిచి పట్టేది పైనున్న ఒక్క నట్టు. మేమంతా టార్షన్ బార్ల మీద, అంటే మెలితిరుగుతూ స్ప్రింగు పని చేసే కడ్డీల మీద, పని నేర్చినవాళ్ళం, స్ట్రట్ అప్పట్లో మాకు కొత్త. మా షెడ్డులో చురుకైన కుర్రవాడొకడు ఉండేవాడు. స్ట్రట్‌ను బండి నుంచి ఊడదీసి నేల మీద పెట్టాడు. బండి బరువు దాని మీద లేదు కదా, ఇక భయమేముందనుకున్నాడు. స్ప్రింగు ఇంకా నలిగే ఉందని వాడికి తట్టలేదు. స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్టు, కంప్రెసర్, గోడకే వేలాడుతోంది. ఒక్క నట్టుకు అదంతా ఎందుకని పాదాల మధ్య ఇరికించుకుని, వంగి విప్పాడు. చివరి మరలు వదలగానే స్ప్రింగు మీది మూత ఎగిరి దవడకు తగిలింది. ఎముక విరిగింది. వారాల తరబడి గంజి మీదే బతికాడు. ఆ రోజు వాణ్ణి రిక్షాలో నా ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. వాడిది అప్పుడు నీ వయసే.

కంప్రెసర్ కొక్కేలు రెండూ ఎదురెదురుగా తగిలించు. కాసేపు ఇది, కాసేపు అది, సమానంగా బిగించు. స్ప్రింగు తన గిన్నెలో వదులై చేతికి కదిలితేనే పై నట్టు ముట్టుకో. మొహం దానికి ఎదురుగా పెట్టావో, నేనక్కడ లేకపోయినా తిట్లు తిన్నట్టే లెక్క.

చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే ఆర్ము బోల్టు వదులు చేయాల్సి వస్తే, బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. గాలిలో బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి, తొందరగా చిరుగుతుంది. పనయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించు.

నా కంప్రెసర్ ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. అద్దెకు తెచ్చేవాటి మరలు అరిగి ఉంటాయి, వద్దు. అందగానే ఫోను చెయ్యి, వీడియోలో చూస్తూ చెబుతాను. అప్పటిదాకా ఆ నట్టు జోలికి పోవద్దు.

మీ పెదనాన్న