మస్కట్‌కు సరుకు పంపుతానన్న అల్లుడికి

బర్కా, ఒమన్

అల్లుడా,

మన మామిడి, కూరగాయలు ఇక్కడికి పంపి అమ్ముదామని నువ్వు ఫోన్‌లో చెప్పిన ముచ్చటంతా విన్నాను. జవాబు కూడా ఫోన్‌లోనే చెబితే సగం నీకు ఎక్కదు, మిగతా సగం నీ దోస్తులకు చేరదు. అందుకే రాస్తున్నాను. వాళ్ళకూ చదివి వినిపించు.

"అక్కడ ఉండేది ఇసుకే కదా మామా, ఏది పంపినా కొంటారు" అన్నావు. పెట్టుబడి లెక్క వేసుకునే ముందు ఆ మాట పక్కన పడెయ్యి. ఒమన్ వాళ్ళు రైతులు. చమురు దొరకక ముందు ఇక్కడి బతుకు ఖర్జూరం, చేపలు, మేకల మీదే నడిచింది. ఇప్పటికీ మా బర్కా నుంచి సోహార్ దాకా సముద్రం పొడుగునా తోటలే. ఈ మైదానాన్ని బాతినా అంటారు. దేశం మొత్తం సాగుభూమిలో దాదాపు సగం ఇక్కడే ఉంది. ఈ తోటల్లో కైకిలి చేసేవాళ్ళలో మన జగిత్యాల, మెట్‌పల్లి వాళ్ళూ ఉన్నారు, వాళ్ళను అడిగినా చెబుతారు.

నువ్వు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ధర కాదు, ఇక్కడి పంట కాలం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నారు పోసి నాటుతారు. నవంబర్ చివర మొదలై ఏప్రిల్ దాకా టమాట, కీర, వంకాయ, గోబీ, క్యాబేజీ, క్యాప్సికమ్ అన్నీ ఇక్కడి తోటల నుంచే దిగుతాయి. జనవరి, ఫిబ్రవరిలో టమాట ఎంత అగ్గువ అవుతుందంటే, పెట్టె ఖర్చు కూడా రాలేదని రైతు తల పట్టుకుంటాడు. మదనపల్లెలో చూసేదే ఇక్కడా చూస్తాం. అలాంటి నెలలో నువ్వు ఓడకు కిరాయి కట్టి టమాట పంపితే దిగుమతి అయ్యేదాకా కూడా ఆగక్కర్లేదు, నష్టం జగిత్యాలలోనే రాసుకోవచ్చు.

మే నుంచి కథ మారుతుంది. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించడమే నిషేధం. బయటి పొలాల్లో కూరగాయ ఆగదు, చల్లబరిచే గ్రీన్‌హౌస్‌లలో కీర మాత్రం వస్తుంది. అప్పుడు సరుకంతా బయటిదే. దుబాయ్ అల్ అవీర్ మార్కెట్ నుంచి ట్రక్కుల్లో, ఇరాన్ నుంచి పడవల్లో, 2021 డిసెంబర్‌లో తెరిచిన ఎడారి రోడ్డు మీద సౌదీ వైపు నుంచి, మన దేశం నుంచి ఓడల్లో, విమానాల్లో వస్తుంది. కానీ మేలో మన దగ్గర కూడా బావులు ఎండి కూరగాయలు పిరం అవుతాయి. హైదరాబాద్‌లోనే మంచి ధర పలుకుతుంటే సముద్రం దాటించడం ఎందుకు? వానలు పడి మన బెండ, మిర్చి, కాకర, బీర, సొర విరివిగా వచ్చేది జూలై చివరి నుంచి. ఇక్కడ సొంత పంట రావడానికి నవంబర్ కావాలి. ఆ నడుమ ఉన్న మూడు నెలలే నీ కూరగాయల వ్యాపారం. ఏడాది పొడుగునా పంపుతామని ఎవరికీ మాట ఇవ్వకు.

రంజాన్ గురించి కూడా అడిగావు. ఆ నెల ముందు నిమ్మ, పుదీన, ఉల్లి, పప్పులు, బియ్యం అన్నింటికీ గిరాకీ పెరిగే మాట నిజం. అయితే రంజాన్ ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి నడుమ వచ్చింది. రాబోయే కొన్నేళ్ళు అది చలికాలంలోనే, అంటే ఇక్కడి కోతల నెలల్లోనే పడుతుంది. కాబట్టి రంజాన్ పేరు చెప్పి కూరగాయలు పంపమనే వాడి మాట వినకు. ఉల్లి, పప్పులు వేరే సంగతి.

ఇక్కడి రైతుకు ఉన్న అసలు ఇబ్బంది నీళ్ళు. అది తెలిస్తే ఈ మార్కెట్ ఎటు పోతుందో నీకే అర్థమవుతుంది. పాత కాలంలో కొండల కింది ఊట నీటిని సొరంగాలు, కాలువల గుండా తోటలకు పారించేవాళ్ళు. వాటిని ఫలజ్‌లంటారు. మూడు వేల దాకా ఇప్పటికీ పారుతున్నాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన చెరువుల కింద నీళ్ళు పంచే నీరడి ఉన్నట్టే ఫలజ్‌కు అరీఫ్ ఉంటాడు. ఎవరి వంతు ఎంతసేపో అతనే చూస్తాడు. ఆ వంతును అథర్ అంటారు, సుమారు అరగంట. నీళ్ళ వంతు అమ్ముకోవచ్చు, కౌలుకు ఇచ్చుకోవచ్చు. నిజ్వాకు వచ్చినప్పుడు తప్పకుండా చూడు, శుక్రవారం పొద్దున అయితే మేకల సంత కూడా చూడొచ్చు.

బాతినాలో మాత్రం మోటార్లు వచ్చి లెక్క తప్పింది. తీరం పొడుగునా బోర్లు తోడినకొద్దీ భూగర్భ జలం దిగిపోయింది, ఆ ఖాళీలోకి సముద్రపు ఉప్పు నీరు చొరబడింది. తీరానికి దగ్గరి తోటల్లో తలలు ఎండి మోడులైన ఖర్జూర చెట్లు నువ్వే చూస్తావు. పక్కనున్న సౌదీ కథ ఇంకా పెద్దది. 1980లలో భూమి లోతుల్లోని పాత నీటిని తోడి గోధుమ పండించి, బయటి దేశాలకు కూడా అమ్మారు. నీరు అయిపోతోందని 2008లో వెనక్కి తగ్గి, 2016 నాటికి రైతుల నుంచి కొనడమే ఆపేశారు. తర్వాత కొంత మళ్ళీ మొదలుపెట్టారు కానీ పాత రోజులు రావు. అందుకే ఈ దేశాలు నీళ్ళు ఎక్కువ తాగే తిండిగింజలు, పశుగ్రాసం బయట కొంటాయి, ఉన్న నీటిని ఖర్జూరానికి, కూరగాయలకు పెడతాయి. బియ్యం ఎప్పటికీ బయటిదే. అలాగని నువ్వు బియ్యంలో దిగకు. సోనామసూరికి ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళలో గిరాకీ ఉంది, కానీ అది పెద్ద మిల్లుల ఆట.

ఇప్పుడు నీ అసలు సరుకు, మామిడి. ఇక్కడా మామిడి కాస్తుంది. ఖురియాత్ కాయకు మంచి పేరు, మే నుంచి మార్కెట్‌కు వస్తుంది. అంతకంటే పెద్ద పోటీ పాకిస్తాన్ సింధ్రీది. మే చివరి వారం నుంచి అది దిగిందంటే పెద్ద సైజు, తక్కువ ధర, మన బంగినపల్లిని అడిగేవాడు తగ్గుతాడు. జూలైలో చౌసా వస్తుంది. మన జగిత్యాల దగ్గరి చల్‌గల్ మామిడి మార్కెట్‌లో కాయ జోరందుకునేది ఏప్రిల్‌లో. కాబట్టి ఏప్రిల్ మొదటి నుంచి మే ఇరవై లోపు ఇక్కడ దిగిన కాయకే ధర. ఆ ఆరేడు వారాల్లోనే ఢిల్లీ వ్యాపారులు చల్‌గల్‌కు వచ్చి కొంటారు కదా, వాళ్ళ ధరను దాటి నీకు మిగలాలి. తోట రైతుతో ముందే ఒప్పందం లేకపోతే వద్దే వద్దు.

కాయ కోయడం దగ్గర ఢిల్లీ అలవాటు వదులుకో. నేల మీద రాలగొట్టిన కాయ, జీడి కారి మచ్చ పడ్డ కాయ, కార్బైడ్ పొడి తగిలిన కాయ ఇక్కడికి పనికిరావు. తొడిమతో కోసి, జీడి కార్చి, కడిగి, సైజు వారీగా పెట్టెల్లో పెట్టాలి. రీఫర్ కంటైనర్‌లో, అంటే ఏసీ ఉన్న సరుకు పెట్టెలో, మామిడికి 12, 13 డిగ్రీలు ఉండాలి. ఇంకా చల్లగా పెడితే బాగుంటుందని ఎవరో అంటారు, అలా చేస్తే తోలు నల్లబడి కాయ పండకుండా పోతుంది. మిగిలిన చోటులో బెండకాయ వేద్దాం అంటావు, నాకు తెలుసు. వెయ్యకు. బెండకు ఏడు నుంచి పది డిగ్రీలు కావాలి, పైగా పండు వదిలే వాయువుకు బెండ పసుపెక్కుతుంది. పెట్టెల నడుమ ఉష్ణోగ్రత రాసే చిన్న పరికరం ఒకటి పెట్టించు. దారిలో ఏసీ ఆగిందో లేదో అదే సాక్షి.

దారి సంగతి. ముంబై పక్కనున్న న్హవా షేవాలో ఎక్కిస్తే సోహార్ రేవులో దిగుతుంది. మస్కట్ పాత రేవు నుంచి సరుకు ఓడలను 2014లోనే సోహార్‌కు మళ్ళించారు. సోహార్ హోర్ముజ్ జలసంధికి ఇవతలే ఉంది. దుబాయ్ జెబెల్ అలీ రేవుకు పోవాలంటే ఆ ఇరుకు దాటాలి. గల్ఫ్‌లో గొడవ మొదలైతే ఈ తేడా విలువ తెలుస్తుంది. ఇంకో చిన్న లెక్క, ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. యూఏఈలో 2022 నుంచి శని, ఆదివారాలు. పండు గురువారం సాయంత్రం రేవులో దిగేలా పంపావంటే దాన్ని ఎండలో నిలబెట్టడానికే పంపినట్టు. మస్కట్ టోకు మార్కెట్ కూడా ఇప్పుడు మవాలెహ్‌లో లేదు. 2024లో మా బర్కా దగ్గరి ఖజాయిన్‌కు మార్చారు, సిలాల్ అంటారు. పాత చిరునామా ఇచ్చి బేరం మాట్లాడే దళారి అక్కడికి వచ్చి ఎన్నాళ్ళయిందో నీకే తెలుస్తుంది.

కాగితాలు ఎవరైనా చేయిస్తారు: ఎగుమతి చేసేవాడికి ఇచ్చే ఐఈసీ నంబర్, వ్యవసాయ ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ అపెడాలో నమోదు, ప్రతి లోడుకూ తెగుళ్ళు, పురుగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ పత్రం. ప్యాకెట్ సరుకు అయితే అరబ్బీలో లేబుల్, తయారీ తేదీ, గడువు తేదీ తప్పవు. గల్ఫ్ దేశాల ఉమ్మడి సుంకం మామూలుగా 5 శాతమే, చాలా తిండి సరుకులకు అదీ లేదు. 2025 డిసెంబర్‌లో మన దేశానికీ ఒమన్‌కూ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, సంతోషమే, కానీ పండ్లలో నీ లాభం సుంకం దగ్గర లేదు. పాడైన కాయ శాతం దగ్గర ఉంది.

మందుల విషయం మాత్రం మన రైతులతో గట్టిగా మాట్లాడు. 2014లో పురుగు మందుల అవశేషాలు ఎక్కువున్నాయని సౌదీ మన పచ్చిమిర్చినే ఆపేసింది. ఎవడో కొందరు కోతకు రెండు రోజుల ముందు కొట్టిన మందుకు దేశమంతా దెబ్బ తిన్నది. కోతకు ఎన్నాళ్ళ ముందు ఏ మందు ఆపాలో రాయించి తోట గేటుకు అంటించు, లోడుకు ముందు ల్యాబ్ పరీక్ష చేయించు. 2018లో కేరళలో నిపా వైరస్ వస్తే యూఏఈ, సౌదీ, కువైట్, బహ్రెయిన్ అక్కడి పండ్లు, కూరగాయలు ఆపాయి. తలుపు ఇటువైపు నుంచే కాదు, మనవైపు నుంచీ మూసుకుంటుంది. 2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపింది, 2024 సెప్టెంబర్ దాకా తెరవలేదు. 2023 డిసెంబర్‌లో ఉల్లి ఆపింది. ఆ నెలల్లో ఇక్కడి గంపల్లో పాకిస్తాన్ ఉల్లి నిండింది. తిరిగి వచ్చాక పాత గిరాకీ కోసం మనవాళ్ళు ధర తగ్గించుకోవాల్సి వచ్చింది. మొత్తం పైసలు ఒకే సరుకు మీద పెట్టకూడదని నేనంటున్నది ఇందుకే.

అందరూ మునిగేది పైసల దగ్గర. ఇక్కడి మార్కెట్ కూడా మన అడ్తి లాంటిదే. దళారి సరుకు దించుకుని, అమ్మి, కమీషన్, హమాలీ, పాడైన కాయ తీసేసి తక్‌పట్టీ, అంటే లెక్క చీటీ, పంపుతాడు. నువ్వు ఏడు సముద్రాల అవతల ఉంటావు, ఎంత పాడైందో వాడు చెప్పిందే లెక్క. అందుకని ఖరీదు ముందే తేల్చుకో, మూడో వంతు అడ్వాన్సు రాకుండా లోడు ఎక్కించకు, మిగతాది బ్యాంకు ద్వారా కాగితాలు విడిపించుకునేటప్పుడు కట్టేలా పెట్టు. తలుపు తెరిచే క్షణం వీడియో తీయాలని ఒప్పందంలో రాయించు. ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ ఎగుమతి బాకీలకు బీమా ఇస్తుంది, కొనేవాడి పేరు చెబితే వాళ్ళే వాడి పరపతి చూస్తారు. వాళ్ళు వద్దన్న పేరును నువ్వు ముద్దు చేయకు.

దుబాయ్ నుంచి ఫోన్ చేసి, మంచి హిందీ మాట్లాడి, అడిగిన ధరకు ఒప్పుకుని, రాబోయే తేదీ వేసిన చెక్కు ఇస్తానన్నవాడితో మరీ జాగ్రత్త. మొదటి చిన్న లోడుకు నగదు టంచనుగా కడతాడు. రెండో, మూడో పెద్ద లోడు తీసుకున్నాక ఆఫీసుకు తాళం ఉంటుంది. అక్కడ ఇది పాత విద్య. పైగా 2022 నుంచి యూఏఈలో బౌన్సైన చెక్కు చాలావరకు సివిల్ బాకీ వ్యవహారం అయింది, పోలీసు భయం తగ్గింది.

ఇక్కడి నుంచి తెచ్చుకునే సరుకు గురించి నువ్వు ఆలోచించనే లేదు. ఒడిబియ్యంలో మీ అమ్మ పోసే ఎండు ఖర్జూరాలు ఎక్కడివో ఎప్పుడైనా అడిగావా? షర్కియా ప్రాంతంలో మబ్సలీ అనే రకం ఉంది. జూలైలో పచ్చి కాయనే పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టి ఎండలో ఆరబోస్తారు. దాన్ని తబ్‌సీల్ అంటారు. తాతల కాలం నుంచి అది ఇండియాకే పోతోంది. ఇక్కడ తినేవి ఖలాస్, ఫర్ద్ లాంటి మెత్తటివి. పెళ్ళిళ్ళ ముందు జగిత్యాల, కరీంనగర్ కిరాణాల్లో ఈ సరుకుకు ఉండే గిరాకీ నీకు నాకంటే బాగా తెలుసు, ఇది పాడవదు కూడా. ఒక్క హెచ్చరిక: 2019లో పాకిస్తాన్ సరుకు మీద మన ప్రభుత్వం 200 శాతం సుంకం వేసింది, 2025 మేలో వేరే దేశం మీదుగా తెచ్చినా సరే అని పూర్తిగా ఆపేసింది. అక్కడి ఎండు ఖర్జూరం దుబాయ్ సంచుల్లోకి మారి మన రేవుల్లో పట్టుబడింది. అందుకని మూల దేశ ధ్రువపత్రం ఒమన్‌దే ఉండాలి, ఉడకబెట్టే చోటును నీ కళ్ళతో చూడాలి.

కాబట్టి ఈ ఏడాది ఏమీ పంపకు. రెండుసార్లు రా. ఒకసారి జనవరిలో, ఇక్కడి పంట మార్కెట్ నింపినప్పుడు. ఇంకోసారి జూలైలో, ఎండ దెబ్బకు అంతా ఖాళీ అయినప్పుడు, తబ్‌సీల్ కూడా అప్పుడే. తెల్లవారక ముందే సిలాల్‌కు తీసుకుపోతాను. ప్రతి సరుకు ఏ దేశానిదో, పెట్టె బరువెంతో, ధర ఎన్ని బైసాలో రాసుకో. వెయ్యి బైసాలు ఒక రియాల్, మొదట్లో అందరూ తికమక పడతారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, ఉండడానికి నా గది ఉంది.

అక్కకు నా నమస్కారాలు చెప్పు. చింతకాయ పచ్చడి గట్టిగా మూత బిగించి పెట్టమను. శాంపిల్ అని సంచిలో మామిడికాయలు మాత్రం తేకు, ఫైటోశానిటరీ పత్రం లేకుండా ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు.

నీ మేనమామ