పిడికెడు బియ్యం డబ్బా దగ్గర మొదలుపెట్టు

ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా
నవంబరు నెల

తల్లీ,

వందనాలు. నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన రెండు కథలూ అంది పది రోజులైంది. ఒక్కసారి చదివి అభిప్రాయం రాసెయ్యడం నాకు చేతకాదు. రెండూ మూడేసిసార్లు చదివాను. ‘మేడమ్ గారూ’ అని రాశావు. మా ఊరి పిల్లలు నన్ను టీచరమ్మా అంటారు. నువ్వూ అలాగే పిలువు.

ముందు పెద్ద కథ సంగతి. తాగుబోతు ఒకడు ఉజ్జీవ కూటానికి, అంటే భక్తిని మేల్కొలిపే ప్రార్థన సభకి వెళ్లాడు, ఆ రాత్రే మారుమనసు పొందాడు, పుట్టింటికి వెళ్లిపోయిన భార్య వారం తిరక్కుండా వచ్చేసింది, అప్పులు తీరిపోయాయి. ఇది సాక్ష్యం అమ్మా. సాక్ష్యం అంటే నాకు గౌరవం ఉంది. సంఘంలో లేచి నిలబడి చెప్పేవాళ్ల గొంతు వణకడం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కానీ అక్కడ ఆ మనిషి మన ఎదురుగానే ఉంటాడు. అతని చొక్కా, చేతులు, పక్క వరసలో తల వంచుకుని కూర్చున్న అతని భార్య, అందరూ కనబడతారు. అందుకే అతను నాలుగు ముక్కలు చెప్పినా నమ్ముతాం. కాగితం మీద వాళ్లెవరూ ఉండరు. నువ్వు తెచ్చి కూర్చోబెడితేనే ఉంటారు. నీ కథలో మార్పు ఉంది, మారిన మనిషి లేడు.

రెండోది అర పేజీ కూడా లేదు. బొబ్బిలి దగ్గర మీ ఊళ్లో చర్చి గుడి తాళంచెవి మీ అమ్మమ్మ దగ్గర ఉంటుందనీ, కొంగున ముడేసుకుంటుందనీ, శనివారం సాయంత్రం వెళ్లి చాపలు దులిపి నేల ఊడుస్తుందనీ రాశావు. తర్వాత ఒక్క వాక్యం. ‘తాళం తీసేముందు మామ్మ తలుపు మీద రెండుసార్లు తడుతుంది.’ లోపల ఎవరున్నారని తడుతుందో నువ్వు చెప్పలేదు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇలాంటిది రాయగలిగిన పిల్లవి, ఆ పెద్ద కథ ఎందుకు రాశావా అనుకున్నాను. భక్తి గురించి రాయాలంటే పెద్ద సంగతే ఉండాలనుకుని ఉంటావు. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను.

మా అమ్మ సంగతి చెప్తాను. మా ఇంట్లో పొయ్యి పక్కన పాత డాల్డా డబ్బా ఒకటి ఉండేది. పొద్దున్న ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసి గుడికి తీసుకెళ్లేది. పిడికెడు బియ్యం కానుక మీ సంఘంలో కూడా ఉండే ఉంటుంది. గోనె మీద అందరి బియ్యమూ ఒకే కుప్పగా పోసేవాళ్లు. ఎవరివో సన్నాలు, ఎవరివో రేషన్ బియ్యం, ఎవరివో దంపుడు బియ్యం. కుప్పలో పడ్డాక ఏవి ఎవరివో తెలిసేవి కావు.

ఒక ఏడు వానలు లేవు. నాన్న పని కోసం మద్రాసు వెళ్లాడు. ఇంట్లో చిన్నపిల్లలం. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని చూస్తున్నాను. అమ్మ పిడికెడు బియ్యం తీసింది. డబ్బా దాకా తీసుకెళ్లింది. అక్కడ చెయ్యి ఆగింది. వేళ్లు కొంచెం వదులు చేసింది, సగం గింజలు మళ్లీ చేటలోకి జారాయి. మిగిలినవి డబ్బాలో వేసి మూత పెట్టింది. అప్పుడు నేను చూస్తున్నానని గమనించింది. ఏమీ అనలేదు, మొహం పొయ్యి వైపు తిప్పుకుంది.

ఆ సంగతి రాయడానికి నాకు యాభై ఏళ్లు వచ్చాయి. రాసినప్పుడు విశ్వాసం అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. వాడాల్సిన అవసరం రాలేదు. నీ కథలో ఆ మాట పద్నాలుగుసార్లు ఉంది, పెన్సిల్‌తో లెక్కపెట్టాను. అన్నీ కొట్టేసి చదువు. ఏమైనా మిగిలితే కథ అక్కడుంది.

ఇప్పుడు భాష సంగతి. నీ పాత్రలన్నీ ‘ప్రార్థించుచున్నాను’, ‘ఆలకించుము’ అంటూ మాట్లాడుతున్నాయి. మన బైబిలు తెలుగు అది, నాకు ప్రాణం. దాని వెనక పెద్ద కథే ఉంది. లండన్ మిషన్ వాళ్లు 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో అక్కడే కూర్చుని తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అప్పటి నుంచి ఎన్ని చేతులు మారి ఆ భాష మన గుడికి వచ్చిందో! మా అమ్మలాంటి వాళ్లకి అది ఆదివారం పెట్టెలోంచి తీసి కట్టుకునే పొందూరు చీర. కూలికి వెళ్లొచ్చిన మనిషి మోకాళ్లూని ‘పరిశుద్ధుడవగు తండ్రీ’ అన్నప్పుడు ఆ మాటతో పాటు తనూ నిటారుగా అయ్యేది. అందుకని ఆ భాషని తక్కువ చెయ్యమని చెప్పడం లేదు.

కానీ ఒక రాత్రి మా తమ్ముడికి ఫిట్స్ వచ్చాయి. బండి దొరకలేదు. అమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ‘పరిశుద్ధుడవగు తండ్రీ, కృపగల దేవా’ అని రెండు మాటలు అన్నదో లేదో, ఆ చీర జారిపోయింది. ‘నాయినా, నానేటి సెయ్యగల్ను? ఈ గుంటడ్ని నాకొగ్గెయ్. నీకు దండం పెడతాను, నాకొగ్గెయ్’ అంది. తెల్లారేదాకా అదే మాట. వాడు బతికాడు.

నువ్వు వెతకాల్సింది ఆ చోటు. పుస్తకం భాషలోంచి మనిషి సొంత భాషలోకి జారే చోటు. ప్రతి ప్రార్థనలోనూ అది ఉండదు. కానీ చెవి పెట్టి వింటే దొరుకుతుంది. మనవైపు పుట్టి మాట గురించి మొహమాటపడడం ఎందుకమ్మా? ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు జనం నోటి మాట కోసం జీవితమంతా వాదించారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. మీ అమ్మమ్మ ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని దిద్దకు. అలాగని ప్రతి మాటకీ యాస తగిలించి ఆమెను వేషం కట్టించకు. ఒకటి రెండు మాటలు సరిగ్గా పడితే మిగతావి చదివేవాడే ఆమె గొంతులో వినుకుంటాడు.

పాటలు కూడా విను. పాత కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి చూడు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు మనవైపే తిరిగారు, మన బాణీల్లోనే కీర్తనలు కట్టారు. మా గుడిలో కంజిర వాయించే తాతకి అక్షరం రాదు గానీ ఆ కీర్తనలన్నీ వచ్చు. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్లు వచ్చాయి, మంచిదే. అయినా సమాధుల తోటలో మాత్రం కంజిరే మోగుతుంది.

బైబిలు వాక్యాలు విరివిగా ఎత్తి రాయకు. సువార్త రాసినవాళ్లు ఎలా రాశారో చూడు. యోహాను సువార్త చివరి అధ్యాయం మళ్లీ ఒకసారి తియ్యి. మరణాన్ని జయించి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పులు వేసి, వాటి మీద చేపలు పెట్టి, రాత్రంతా వల వేసి అలిసిపోయిన వాళ్లని తినడానికి పిలుస్తాడు. వలలో ఎన్ని చేపలు పడ్డాయో లెక్క కూడా ఉంది, 153. అంత పెద్ద ఘడియలో ఎవరు కూర్చుని చేపలు లెక్కపెట్టారు? బారువ ఒడ్డున పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు. వల లాగాక ఎవరో ఒకరు లెక్కపెడతారు, లెక్కపెట్టకుండా ఉండలేరు. ఆ లెక్క దగ్గరే నాకు ఆ కథంతా నిజమనిపిస్తుంది.

దుఃఖం గురించి అడిగావు. ‘క్రైస్తవ కథలో సందేహం రాయొచ్చా?’ అని. రాయాలి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి నీకు తెలిసిందే. మా అన్నయ్యని అలాగే పోగొట్టుకున్నాం. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి. సంఘంలో ఆటో నడిపే కుర్రాడు డీజిల్ డబ్బులు కూడా తీసుకోకుండా ఏడాదిన్నర తిప్పాడు. అన్నయ్య పోయాక నేను గుడికి వెళ్లడం మానలేదు గానీ పాడడం మానేశాను. నోరు తెరుచుకునేది కాదు. ప్రార్థన చేద్దామంటే దేవుడి మీద కోపం వచ్చేది. ఎనిమిది నెలలు అలాగే ఉన్నాను.

ఆడవాళ్ల వైపు చాప మీద నా పక్కన ఒక పెద్దావిడ కూర్చునేది. జీడి పిక్కలు కొట్టే పని చేసేది. ఆ జీడి సొనకి ఆమె వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా, ఒలుచుకుపోయి ఉండేవి. పాట మొదలవగానే నా కీర్తనల పుస్తకం తీసి, తెరిచి, నా వైపు తిప్పి పట్టుకునేది. పాట అయిపోయేదాకా అలాగే పట్టుకుని, తను పాడేది. పాడమని నన్ను ఒక్కసారీ అడగలేదు. చాలా వారాల తర్వాత ఒకరోజు ఆ పేజీ వైపు చూశాను. అందరూ పాడుతున్న పాట ఆ పేజీలో లేదు. ఆమెకి చదువు రాదు. ఏదో ఒక పేజీ తెరిచి పట్టుకుంటోంది, ఎనిమిది నెలలుగా. ఆ రోజు రెండో చరణం నుంచి నేను గొంతు కలిపాను.

ఇది కథగా రాసినప్పుడు చివర ఒక పేరా పెట్టాను. ప్రేమ అంటే ఏమిటో, సహవాసం అంటే ఏమిటో వివరంగా. ఏడాది పాటు ఆ కథ నాకు నచ్చలేదు, కారణం తెలియలేదు. ఒకరోజు ఆ పేరా కొట్టేశాను. నల్లటి వేళ్లు, తప్పు పేజీ, అంతే మిగిలాయి. అప్పుడు అది నా అన్నయ్య కథ అయింది.

ఇంకో సంగతి, ఇది జాగ్రత్తగా విను. క్రైస్తవంలోకి వచ్చిన దళితులకి ఎస్సీ హోదా వర్తించకుండా చేసింది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందుకే మన పేటల్లో ఎంతోమందికి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. అమ్మ ఒక పేరుతో పిలుస్తుంది, హాజరు పట్టీలో ఇంకో పేరు ఉంటుంది. ఆ రెండు పేర్ల మధ్య బతకడం ఎంత బరువో రాయాల్సింది మనమే, ఇంకెవరు రాస్తారు? కానీ నీ కథ వల్ల ఒక్క పిల్లాడి చదువుకీ, ఉద్యోగానికీ ముప్పు రాకూడదు. ఊరు మార్చు, పని మార్చు, వయసు మార్చు. గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటి కూడా ఉంచకు. ఎంత మంచి వాక్యమైనా సరే, ఒక ఇంటి గుట్టు బయటపెట్టేదైతే కొట్టెయ్యి.

సంతోషాల సంగతికి వస్తే, అవి రాయడమే కష్టం. దుఃఖానికి చదివేవాడు తనంతట తనే దగ్గరికి వస్తాడు, సంతోషానికి మనమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. ఇంకొన్ని రోజుల్లో మీ ఊళ్లో క్యారల్స్ మొదలవుతాయి. వెదురు బద్దలతో స్టార్ కట్టే కుర్రాళ్ల పక్కన కూర్చో. రంగు కాగితం ఎవరు తెచ్చారు, మైదా జిగురు ఎవరింట్లో ఉడికింది, బల్బు వెలగకపోతే ఎవర్ని తిట్టారు, అన్నీ చూడు. క్రిస్మస్‌కి పక్కింటి హిందువులకి పంపిన గిన్నె ఖాళీగా తిరిగి రాదు కదా. సంక్రాంతికి అరిసెలతో వస్తుంది. మా ఇంట్లో ఒక స్టీలు గిన్నె అలా తిరిగి తిరిగి ఎవరిదో మర్చిపోయాం. అడుగున చెక్కిన పేరు అరిగిపోయింది. ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఈస్టర్ రోజు చీకటితోనే సమాధుల తోటకి వెళ్లడం, మట్టల ఆదివారం చిన్నపిల్లలు ఈత మట్టలతో కొట్టుకోవడం, డిసెంబరు 31 రాత్రి బైబిలు వాక్యం ఉన్న వాగ్దానం చీటీ తీసుకుని వీధి లైటు కింద చదువుకోవడం, ఇవన్నీ నీకూ తెలిసినవే.

తిత్లీ తుపాను తర్వాతి ఆదివారం గురించి ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. ఆదివారానికి మా గుడికి పైకప్పు రేకులు లేవు, ఊరికి కరెంటు లేదు, ఎవరి చేతిలోనూ డబ్బు లేదు. అయినా ఆరాధన జరిగింది. కానుక పళ్లెం వచ్చినప్పుడు ఒకాయన పడిపోయిన తన చెట్టు నుంచి తెచ్చిన కొబ్బరికాయ అందులో పెట్టబోయాడు. పళ్లెంలో అది నిలవలేదు. కింద నేల మీద పెట్టాడు. తర్వాతాయన ఇంకోటి పెట్టాడు. ఆ రోజు పాస్టరు గారు ఏం బోధించారో నాకు గుర్తులేదు. తడి నేల మీద ఆ కుప్ప మాత్రం కళ్ల ముందు ఉంది.

పెద్ద కథని కొన్నాళ్లు పక్కన పెట్టు. మీ అమ్మమ్మ తాళంచెవి కథ పూర్తి చెయ్యి. దానికి ముందు రెండు శనివారాలు ఆమెతో గుడికి వెళ్లి, చీపురు నువ్వు పట్టుకో. వీలు చూసుకుని శ్రీకాకుళంలో కథానిలయానికి కూడా వెళ్లు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన ఇల్లు అది, తెలుగు కథలన్నీ అక్కడ చేరాలని ఆయన కోరిక. నీకంటే ముందు మన ఊళ్ల గురించి ఎవరేం రాశారో కూర్చుని చదువుకో.

సంక్రాంతి వెళ్లాక మా సంఘంలో కోత పండుగ, పంటలో కొంత కానుకగా తెచ్చే రోజు. ఆరాధన అయ్యాక వేలం పాట ఉంటుంది. ఆనపకాయ అయిదు వందలకి కూడా వెళ్తుంది. కొన్నవాళ్లు దాన్ని మళ్లీ కానుకకే ఇచ్చేస్తే మళ్లీ పాట మొదలవుతుంది. తిత్లీ తర్వాత మా పెరట్లో నాటిన కొబ్బరి చెట్టు ఇప్పుడు కాపుకొచ్చింది. మొదటి గెల కోయకుండా ఆ రోజుకే ఉంచాను. నువ్వూ రా, అమ్మమ్మని కూడా తీసుకురా. ఆ తలుపు సంగతి ఆమెని నేనేమీ అడగనులే.

ప్రేమతో,
మీ టీచరమ్మ