ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కి డీవీడీలు ఇంకా పనికొస్తాయా? వరదలో మునిగి లేచిన డిస్కుల సంగతి చెప్తాను

అడిగిన ప్రశ్న ఇది: "ఇంటి కంప్యూటర్‌లో ఉన్న ఫొటోలు, ఫైళ్లు దాచుకోవడానికి ఈ రోజుల్లో కూడా డీవీడీ, బ్లూరే డిస్కులు వాడటంలో అర్థం ఉందా? ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కుంటే సరిపోదా?"

సరిపోదు. ఆ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను కర్నూలు పాతబస్తీలో ఇంట్లోనే చాలా ఏళ్లు డీటీపీ పని చేసినదాన్ని. పెళ్లి పత్రికలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, దేవుడి ఉత్సవాల పోస్టర్లు, అన్నీ మా ముందు గదిలోనే తయారయ్యేవి. అప్పట్లో చిన్న హార్డ్ డిస్కులే కాబట్టి పని అయిపోగానే డీవీడీ మీదికి ఎక్కించి, హార్డ్ డిస్క్ ఖాళీ చేసుకోవడం అలవాటు. మా ఆయన నవ్వేవాడు, "ఎవరి పెళ్లి పత్రిక ఎవరికి మళ్లీ కావాలి" అని. ఎవరికీ అక్కర్లేదు, నిజమే. కానీ బ్యాకప్ అనేది ఏది కావాల్సి వస్తుందో ముందే తెలిస్తే తీసేది కాదు కదా.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరి మీద పడ్డాయి. మా వీధిలో కింది ఇళ్లన్నీ మునిగిపోయాయి. పిల్లల్ని, మా అత్తను, బియ్యం మూటను, గ్యాస్ సిలిండర్‌ను మేడ మీదికి చేర్చేసరికి మెట్ల దగ్గర నీళ్లు నడుము దాకా వచ్చాయి. కంప్యూటర్ మోసేంత టైము ఎవరికుంది? అది కిందే ఉండిపోయింది. పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, బీరువా మీద డీవీడీల డబ్బాలు. అన్నీ ఒకే నీళ్లలో, ఒకే బురదలో మునిగాయి. అందుకే దీన్ని ఒక పరీక్ష అంటాను. ల్యాబ్‌లో ఎవరూ ఇంత న్యాయంగా పెట్టలేరు.

నీళ్లు తీశాక కిందికి దిగితే గదిలో మోకాలి లోతు ఒండ్రు. సీపీయూ డబ్బా తెరిస్తే లోపల ఫ్యాన్ రెక్కల మధ్య కూడా మట్టే. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని ఆరబెట్టి, హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపించాం. వాళ్లు చెప్పిన ఖర్చుకి కొత్త కంప్యూటర్ వస్తుంది, పైగా డేటా వస్తుందన్న గ్యారంటీ లేదన్నారు. ఊరుకున్నాం.

ఆ వారంలోనే ఒక రిటైర్డ్ తెలుగు సారు వచ్చారు. ఆయన రాసుకున్న శతకాన్ని పుస్తకం వేయడానికి నేను టైప్ చేసి పెట్టాను. ప్రూఫులు దిద్దడం కూడా అయిపోయింది, ప్రెస్సుకి పోవడమే తరువాయి. ఆయన ఇల్లూ మునిగింది. చేత్తో రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కులు నాని ముద్దయిపోయాయి, ప్రూఫ్ కాగితాలు మా ఇంట్లో బురదలో కలిసిపోయాయి. గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా అడిగారు.

"ఏమమ్మా, నా పద్యాలు ఉండాయా, పోయినాయా?"

"డిస్కులో ఎక్కించినా సార్. చూస్తాను, కూర్చోండి" అన్నాను. కూర్చోవడానికి పొడిగా ఉన్న కుర్చీ ఒక్కటి కూడా లేదు.

డబ్బాల నిండా బురద నీళ్లు. ఒక్కో డిస్కు తీసి స్టీలు గిన్నెలో ట్యాంకర్ నీళ్లలో ముంచి, బట్టతో రుద్దకుండా ముందు మట్టి కరగనిచ్చాను. ఒండ్రులో సన్నటి ఇసుక ఉంటుంది, అది ఉండగా తుడిస్తే గీతలు పడతాయి. మట్టంతా పోయాక మెత్తటి పాత పంచె గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు నేరుగా తుడవాలి. చుట్టూ తిప్పుతూ తుడవకూడదు. డేటా డిస్కు మీద చుట్లు చుట్లుగా ఉంటుంది కాబట్టి, ఆ చుట్టు వెంబడి గీత పడితే ఒకే చోట వరసగా బోలెడంత డేటా పోతుంది. అడ్డంగా పడిన గీతను మాత్రం డ్రైవ్ చాలావరకు సర్దుకుని చదివేస్తుంది. తుడిచాక ప్లేట్ల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరబెట్టాను. ఆ రోజుల్లో ఎండ కావాలని ఊరంతా మొక్కుతుంటే నేనొక్కదాన్నే ఎండ పడకుండా దుప్పటి అడ్డం కట్టాను. మనం రాసుకునే డీవీడీలో డేటా ఉండేది ఒక రంగు పూతలో. ఎండకు ఆ పూత పాడవుతుంది.

మా ఇంట్లో కరెంటూ లేదు, కంప్యూటరూ లేదు. డోన్‌లో మా తమ్ముడి ఇంటికి సంచిలో వేసుకుని పోయాను. వాడు డిస్కుల్ని చూసి, "అక్కా, బురదలో పొర్లినవి పెడితే నా డ్రైవ్ పోతాది" అని మొదలుపెట్టాడు. పోతే కొనిస్తాలేరా అన్నాను.

డీవీడీల్లో ఎక్కువ భాగం ఏమీ జరగనట్టే చదివాయి. పాత సీడీల్లో మాత్రం చాలా పోయాయి, ముఖ్యంగా నేను అందంగా కాగితం లేబుల్ అంటించినవి. నానిన లేబుల్ లేస్తూ లేస్తూ, పాల మీద మీగడ తీసినట్టు, వెండి పొరను కూడా తనతో లాక్కొచ్చేసింది. కారణం వాటి తయారీలోనే ఉంది. సీడీలో డేటా పొర పైన, లేబుల్ వైపు ఉంటుంది, దాని మీద వార్నిష్ లాంటి సన్నటి పూత తప్ప రక్షణ లేదు. మనమేమో కింది వైపు గీత పడకూడదని జాగ్రత్త పడి, పైవైపు బాల్‌పెన్‌తో పేర్లు రాస్తాం. డీవీడీ అలా కాదు. 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండు అతికించి, వాటి మధ్యలో డేటా పొర పెడతారు. అందుకే నీళ్లకు, గోళ్లకు సీడీ కంటే బాగా తట్టుకుంటుంది.

సారు శతకం ఉన్న డీవీడీ పెట్టాం. ఫోల్డర్ వచ్చింది. పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు ఉంది కానీ మా తమ్ముడి కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ లేదు. పక్కనే అదే శతకం పీడీఎఫ్. ఏ పని ఎక్కించినా ఫైలుతో పాటు పీడీఎఫ్, వాడిన తెలుగు అక్షరాల ఫాంట్లు (అను ఫాంట్లు) కూడా అదే డిస్కులో వేయడం నా పద్ధతి. పీడీఎఫ్ తెరిస్తే మొదటి పద్యం నుంచి చివరి పద్యం దాకా అరసున్న కూడా చెదరలేదు. అక్కడి నుంచే ఎస్టీడీ బూత్‌కి పోయి సారుకి ఫోన్ చేశాను. అవతల నుంచి చాలాసేపు మాట రాలేదు, తర్వాత "ప్రింటు తీసి తెచ్చియ్యమ్మా, ఒకసారి చూసుకుంటా" అన్నారు. చూసుకుని, మళ్లీ నాలుగైదు చోట్ల దిద్దారు! కవులతో పని ఇలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక గోడు వెళ్లబోసుకోవాలి. డిస్కు బతికితే చాలదు, లోపలున్నది తెరుచుకోవాలి. ఆ రోజుల్లో మనం టైప్ చేసిన తెలుగు నిజానికి తెలుగే కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంటు. ఆ పీడీఎఫ్‌లోంచి ఇప్పుడు కాపీ చేసి ఫోన్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చదివే యూనికోడ్ తెలుగులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులు కూర్చుని దిద్దుకోవాల్సిందే. తెలుగు జిల్లాల్లో ఇరవై ముప్పై ఏళ్ల స్థానిక సాహిత్యం, ఊరి చరిత్రలు, గుడి కరపత్రాలు అంతా ఇలాంటి ఫైళ్లలోనే పడి ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, అందరికీ క్లౌడ్ కావాలి.

క్లౌడ్ సంగతి కూడా చెప్తాను. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. "అమ్మా, అన్నీ గూగుల్‌లో పడేయ్, ఈ డిస్కులేంది" అంటాడు. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నైనా ఉచితంగా పెట్టుకోవచ్చన్నారు, 2021 జూన్ 1 నుంచి ఆ ముచ్చట తీరిపోయింది. ఇప్పుడు జీమెయిల్‌తో కలిపి 15 జీబీ, ఆ పైన డబ్బు కట్టాలి. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాలను తీసేసే పద్ధతి కూడా 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మనిషి పోయాక పాస్‌వర్డ్ ఎవరికి తెలుస్తుంది? బీరువాలో ఉన్న డిస్కు మీద పేరు రాసి ఉంటే చదువు రాని మా అత్త కూడా పక్కింటి పిల్లాణ్ణి పిలిచి చూపించగలదు.

ఇంకో విషయం, హార్డ్ డిస్క్ భక్తులు అసలు ఒప్పుకోనిది. ఒకసారి రాసి మూసేసిన డిస్కుని ఎవరూ మార్చలేరు. డీటీపీ పనిలో ఉన్నవాళ్లకు షార్ట్‌కట్ వైరస్ తెలియకుండా ఉండదు. నెట్ సెంటర్ నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే చాలు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి కూర్చునేవి. 2017 మేలో వన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు ప్రపంచమంతా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళాలు పడ్డాయి. ఇలాంటివి తగులుకుంటే కంప్యూటర్‌కి తగిలించి ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా దాంతో పాటే పోతుంది. డీవీడీని ఏ వైరసూ తిరగరాయలేదు. ఆర్‌డబ్ల్యూ డిస్కులు వేరే, అవి చెరిపి రాసేవి, బ్యాకప్‌కి వాటి జోలికి పోకండి.

అలాగని ఇంట్లో ఉన్నదంతా డిస్కులకెక్కించమని నేననడం లేదు. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. విండోస్‌లో అది 4.38 అని కనిపిస్తే షాపువాడు మోసం చేశాడని పోట్లాటకు పోకండి, డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటర్ 1024తో లెక్కేస్తుంది. ఇప్పుడు ఒక ఫోన్‌లోనే 200 జీబీ వీడియోలుంటాయి. డీవీడీల్లో దించాలంటే నలభై మూడు కావాలి. ఏ ఇల్లాలికీ అంత ఓపిక ఉండదు. 25 జీబీ బ్లూరే అయితే ఎనిమిది. కాబట్టి మొత్తం సరుకు హార్డ్ డిస్క్ మీద ఉంచండి, పోతే గుండె ఆగిపోయేవి మాత్రం డిస్కు మీదికి తీయండి. పిల్లల ఫొటోల్లో బాగున్నవి, ఇంటి దస్తావేజుల స్కాన్లు, పెద్దవాళ్ల గొంతు రికార్డులు, మీరు రాసుకున్నవి. ఏరుకోవడం కష్టమని అంటారు, నిజానికి ఆ ఏరుకోవడంలోనే సగం లాభం ఉంది. పదివేల గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య అమ్మ ఫొటో ఎక్కడుందో లేకపోతే ఎప్పటికీ దొరకదు.

పెళ్లి వీడియోగ్రాఫర్లను మాత్రం అనకుండా ఉండలేను. లక్షలు తీసుకుని, చవక డిస్కు మీద తమ ఫోన్ నంబరు పెద్ద స్టిక్కర్ అంటించి ఇచ్చేవారు. ఆ స్టిక్కర్ వంకరగా ఉంటే డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది, డ్రైవ్‌కి చదవడం కష్టమవుతుంది. మా చెల్లెలి పెళ్లి డిస్కు గర్రుమని మోత మోగి ఆగిపోతుంది. ఇప్పుడు పెన్‌డ్రైవ్ ఇస్తున్నారు, అది ఇంకా అన్యాయం. పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చిన రోజే వేరేచోట కాపీ పెట్టుకోవాలి.

రాసేటప్పుడు నేను పాటించేది చెప్తాను. 16ఎక్స్ వేగం అని రాసి ఉన్న డీవీడీని అందులో సగం, అంటే 8ఎక్స్ వేగంలో రాస్తాను, నిండు డిస్కుకి ఎనిమిది నిమిషాలు అటూ ఇటూ. రాయడం అయ్యాక వెరిఫై, అంటే రాసింది సరిగ్గా ఎక్కిందో లేదో చదివి సరిచూడటం, తప్పకుండా పెడతాను. దాన్ని ఎగ్గొట్టేవాళ్లు బ్యాకప్ తీసినట్టు కాదు, తీశామని అనుకున్నట్టు. పేరు మార్కర్‌తో మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక భాగంలో మాత్రమే రాస్తాను. రెండో కాపీ డోన్‌లో మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది, కర్నూలు మునిగినప్పుడు డోన్ మునగదు. అటక మీద పెట్టకండి, పడమటి గోడకు ఆనిన బీరువాలోనూ పెట్టకండి. మన కర్నూలు, కడప, అనంతపురం మే నెల ఎండల్లో ఆ చోట్లు ఎలా కాగుతాయో నేను చెప్పక్కర్లేదు. గింజల డబ్బాలు పెట్టే చల్లటి మూల వెతకండి.

కొనడంలోనే ఇప్పుడు తిప్పలు. ఒకప్పుడు ఏ స్టేషనరీ షాపులోనైనా మోజర్ బేర్ డిస్కులు దొరికేవి, ఆ కంపెనీ దివాలా తీసింది. సోనీ రికార్డు చేసే బ్లూరేల తయారీని 2025 ఫిబ్రవరితో ఆపేసింది. అంటే ఇంక లేవని కాదు, ఆన్‌లైన్‌లో వేరే కంపెనీలవి వస్తున్నాయి. బ్లూరే కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఎల్‌టీహెచ్ అని ఉంటే వదిలేయండి. అందులో కూడా డీవీడీలాగే రంగు పూతే ఉంటుంది. మామూలు బీడీ-ఆర్‌లో (రాసుకునే బ్లూరేలో) పూత లోహ సంబంధమైనది, అది ఎండకు, వేడికి నయం. ఎం-డిస్క్ అని ఇంకోటి ఉంది, వెయ్యేళ్లు ఉంటుందని తయారుచేసినవాళ్లు చెప్పుకున్నారు. వెయ్యేళ్ల మాట అటుంచండి, మనవడి పెళ్లి దాకా ఉంటే నాకు చాలు. కాస్త ఖరీదు ఎక్కువ, రాయడానికి దానికి తగ్గ డ్రైవ్ కావాలి, చదవడానికి మాత్రం మామూలుదే సరిపోతుంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఎలాగూ డిస్కు పెట్టే ట్రే ఉండదు కాబట్టి యూఎస్‌బీ వైరుతో తగిలించే డిస్కు డ్రైవ్ కొనండి, కుదిరితే రెండు కొని ఒకటి పెట్టె విప్పకుండా దాచండి. ముందు పోయేది డిస్కులు కాదు, వాటిని చదివే డ్రైవులే. రాస్తుండగా మధ్యలో ఆగిపోతే డిస్కుని తిట్టే ముందు వైరు చూడండి. ఒక్క యూఎస్‌బీ పోర్టు కరెంటు కొన్ని డ్రైవులకు చాలదు, రెండు కొనలున్న వైరు గానీ అడాప్టర్ గానీ ఉన్నది తీసుకోండి. ఒక పోర్టుని నాలుగు చేసే యూఎస్‌బీ హబ్‌కి మాత్రం తగిలించకండి.