సెలవులో ఫోన్ ఎత్తలేదని జీతం కోయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి సంస్థ ఆఫీసులో నాలుగేళ్లుగా అకౌంటెంట్‌గా చేస్తున్నాను. జీతం నెలకు 28 వేలు. మా చెల్లి పెళ్లికి ఆరు రోజులు సెలవు అడిగితే మేనేజర్ గారు ఈమెయిల్‌లో మంజూరు చేశారు. సెలవు మొదలైన పూట నుంచే ఫోన్లు. 20వ తేదీలోపు జీఎస్టీ రిటర్న్ వేయాలంటే పెళ్లింట్లోనే రెండు రాత్రులు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ముహూర్తం రోజు మాత్రం ఫోన్ ఎత్తలేదు. తిరిగి వెళ్లేసరికి మెమో ఇచ్చారు, మూడు రోజుల జీతం కోశారు. సెలవైనా సరే ఫోన్ ఎత్తాలి, కుదరకపోతే మానేయండి అంటున్నారు. నేను చేసింది తప్పా? – ఒక సోదరి, గుంటూరు

జవాబు: తప్పు కాదమ్మా. మంజూరైన సెలవులో ఉన్న మనిషి ఫోన్ ఎత్తకపోవడాన్ని నేరంగా గానీ, దానంతటదే క్రమశిక్షణ తప్పడంగా గానీ చెప్పే చట్టం ఏదీ లేదు. అయితే సెలవులో ఉన్న ఉద్యోగికి యజమాని ఫోన్ చేయకూడదని చెప్పే చట్టం కూడా మన దేశంలో ఇంతవరకు రాలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి అలాంటి హక్కు ఉంది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ఇదే కోరుతూ, ప్రభుత్వం తరఫున కాకుండా సభ్యురాలిగా సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. రాజ్యాంగం 43వ అధికరణ శ్రామికులకు తీరిక ఉండాలని చెబుతుంది గానీ, ఆదేశిక సూత్రం కాబట్టి దాన్ని నేరుగా కోర్టులో అమలు చేయించుకోలేం. కాబట్టి మనకు బలం వేరేచోట ఉంది.

సెలవును రద్దు చేసి పనికి పిలవడం ఒకటి. సెలవులో ఉంచుతూనే పని చేయించుకోవడం మరొకటి. మొదటిది చేయాలంటే మీ నియామక పత్రంలోనో, సంస్థ సర్వీసు నిబంధనల్లోనో అందుకు వీలుండాలి. అప్పుడు కూడా మిగిలిన సెలవు మీ ఖాతాలోకి తిరిగి రావాలి. మీ విషయంలో సెలవు రద్దు కాలేదు. పనీ చేయించుకున్నారు, ఆ రోజులను సెలవులోనూ రాసుకున్నారు. ఒకే రోజును రెండు లెక్కల్లో వేయడం కుదరదు. మీరు పనిచేసిన ఆ రెండు రోజుల సెలవు తిరిగి ఖాతాలో వేయమనో, ఆ పనికి వేతనం ఇమ్మనో అడగడానికి మీకు గట్టి ఆధారం ఉంది. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 కింద వారానికి పని 48 గంటలు దాటితే అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. సీజన్‌లో రాత్రి పొద్దుపోయేదాకా యార్డు బిల్లులు ఎక్కించే గుమాస్తాలందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది.

ఇక జీతం కోత. ఇక్కడ మీ యాజమాన్యం స్పష్టంగా హద్దు దాటింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం ప్రకారం, ఏయే కారణాలకు జీతంలో కోత పెట్టవచ్చో చట్టమే చెప్పింది. యజమానికి తోచిన కారణం అందులో చేరదు. గైర్హాజరు కింద కోశామంటారేమో, మంజూరైన సెలవు గైర్హాజరు అవదు. జరిమానా అంటారేమో, దానికి ముందుగా మీ సంజాయిషీ వినాలి, ఏ తప్పులకు జరిమానా వేస్తారో ముందే నోటీసులో ప్రకటించి ఉండాలి, మొత్తం ఆ నెల వేతనంలో 3 శాతం మించకూడదు. మీ 28 వేలకు అది 840 రూపాయలు. మూడు రోజుల జీతమంటే 2,800. పాత వేతన చెల్లింపుల చట్టం నెలకు 24 వేలు దాటిన జీతగాళ్లకు వర్తించేది కాదు. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు కాబట్టి మీకూ రక్షణ ఉంది. దీనిమీద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయవచ్చు. జీతం సరిగ్గా ఇచ్చామని నిరూపించే భారం కూడా యజమానిదే. ముందు గుంటూరులోని కార్మిక శాఖ కార్యాలయంలో సహాయ కార్మిక అధికారిని కలిసి ఫిర్యాదు రాసివ్వండి.

మెమోకు జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు. మౌనంగా ఉంటే ఒప్పుకున్నారని రాసుకుంటారు. సెలవు మంజూరైన తేదీ, మీరు రాత్రిపూట చేసిన పని, ముహూర్తం రోజు ఫోన్ ఎత్తలేకపోయిన కారణం నాలుగు ముక్కల్లో రాసి, కోసిన జీతం తిరిగి ఇమ్మని కోరండి. కోపం మాటలు వద్దు. జవాబు కాపీ ఒకటి ఉంచుకుని, దాని మీద అందినట్టు సంతకం చేయించుకోండి, చేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వాట్సాప్ మెసేజీలు, కాల్ లిస్టు ఆ ఫోన్‌లోనే ఉంచండి, ఒక్కటీ తుడిచేయవద్దు. స్క్రీన్‌షాట్ ప్రింటు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అసలు ఫోన్ మీ చేతిలోనే ఉంటే ఆ సాక్ష్యం నిలబెట్టడం తేలిక. కంపెనీ లెక్కల ఫైళ్లను మాత్రం సాక్ష్యమంటూ సొంత మెయిల్‌కు పంపుకోకండి, అదే మీ మీద ఆరోపణ అవుతుంది.

ఒక విషయంలో యజమాని వైపు నుంచీ చూడాలి. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ మీకొక్కరికే తెలిసి, ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంటే, గడువు రోజున వాళ్లు ఒకసారి ఫోన్ చేయడం తప్పనలేను. రిటర్న్ ఆలస్యమైతే రుసుము, వడ్డీ వాళ్ల నెత్తిన పడతాయి. అందుకే జీఎస్టీ పోర్టల్‌లో నమోదైన మొబైల్ నంబరు మీదైతే యజమానిది పెట్టించండి. ఇక మీదట సెలవుకు వెళ్లేముందు ఏ పని ఎంతవరకు అయింది, మిగిలింది ఎవరు చూస్తారు అనేది ఒక మెయిల్‌లో పెట్టి వెళ్లండి. చిన్న ఆఫీసుల్లో ఈ గొడవల్లో చాలాభాగం మనిషి ఒక్కరి మీదే మొత్తం భారం వేయడం వల్ల వస్తున్నవి. సరిచేయాల్సిన బాధ్యత యాజమాన్యానిదే, కానీ ఆ మెయిల్ మిమ్మల్ని కాపాడుతుంది.

మానేయమన్నారని రాజీనామా రాసివ్వకండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆవేశంలో రాసిన ఆ ఒక్క కాగితం చాలామంది కేసును మొదట్లోనే బలహీనపరుస్తుంది. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో దానికి బదులు నెల వేతనమో ఇవ్వకుండా తీసేయడానికి వీల్లేదని పైన చెప్పిన 1988 దుకాణాల చట్టం అంటుంది. మీకు నాలుగేళ్లు నిండాయి. గేటు దగ్గర ఆపితే ఆ రోజే, నేను డ్యూటీకి సిద్ధంగా ఉన్నాను, రానివ్వడం లేదు అని మెయిల్ పెట్టండి. తీసేసిన పక్షంలో లేబర్ కోర్టు దాకా వెళ్లవచ్చు. మేనేజర్ స్థాయి వాళ్లకు ఆ దారి ఉండదు కాబట్టి, అక్కడ అకౌంటెంట్ అనే పేరు కన్నా మీరు నిజంగా చేసే పనే చూస్తారు. ఎంట్రీలు వేయడం, రిటర్న్‌లు దాఖలు చేయడం గుమాస్తా పనే. కింద సిబ్బందికి సెలవులిచ్చే అధికారం కూడా మీ చేతిలో ఉంటే అవతలి వాళ్లు ఆ సంగతి ఎత్తుతారు, ముందే మీ లాయరుకు చెప్పండి.

ఫీజు గురించి బెంగ పడొద్దు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మెమో, దానికి మీరిచ్చిన జవాబు, సెలవు మంజూరు మెయిల్, కోత పడిన నెల పే స్లిప్పు వెంట తీసుకెళ్లండి.