సమాధానం: కూత వినిపిస్తోంది, గ్రెనడా పావురం కనబడట్లేదు

కరీబియన్ దీవి గ్రెనడాలోని మౌంట్ హార్ట్‌మన్ అడవిలో రెండు ఉదయాలు కూత వెంటపడి తిరిగినా పిట్ట కనబడలేదన్నారు కదండీ. ఆ తిరగడమే పొరపాటు. దాని కూతంటే లోగొంతుతో కిందికి జారే ఒకే ఒక్క ‘హూ’, ఏడెనిమిది సెకన్లకోసారి. ఎటునుంచి వస్తోందో చెవికి అంతుచిక్కదు. మీ అలికిడి వింటే చాలు, ఎగరకుండా తుప్పల్లోకి నడిచి జారుకుంటుంది.

తెల్లవారకముందే వెళ్లి, కూత వినబడే చోట బాట పక్కన కనీసం 40 నిమిషాలు కదలకుండా కూర్చోండి. కొమ్మలకేసి కాదు, మోకాలెత్తు లోపు చూడండి. ముందు ఎండుటాకుల గలగల, తర్వాత పిట్ట. నీడ అడవి కాబట్టి 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ. వెడల్పు) మేలు.

అక్కడి ఊళ్లలో తిరిగే పావురానికి రెక్కల మీద నల్ల చుక్కలుంటాయి. దీనికి ఉండవు. ముడిచిన రెక్క ముందు, భుజం దగ్గర తెల్లటి పట్టీ ఉంటుంది. ఆ మసకలో మొదట కంటపడేది అదే.

ఫోన్‌లో కూత పెట్టి మాత్రం పిలవకండి. ప్రపంచం మొత్తమ్మీద ఈ దీవిలో తప్ప ఇంకెక్కడా లేవు, ఉన్నవీ రెండొందల లోపేనని అంచనా. గూటి దగ్గర పక్షిని కదిలిస్తే ముంగిసకు దారి చూపినట్టే. ఆ ముంగిసలు మన దేశం నుంచి కరీబియన్ చేరినవే. తిండి తునకలూ అక్కడ వదలకండి, ఎలుకలు చేరతాయి.